అత్తయ్యగారి వెన్నపండు చెట్టు

మా మావయ్యగారు పుట్టి డెబ్భైమూడేళ్ళయింది గాని ఇంతవరకు ఒక్క తప్పూ చెయ్యలేదు. ఇదేమీ నేను పరిశోధించి కనిపెట్టిన సంగతి కాదు. రెండు పూటలా భోజనాల దగ్గర ఆయనే చెబుతూంటారు. ముప్ఫైనాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన కామేశ్వరరావు మాస్టారాయన. ఎర్రసిరా అంతా పిల్లల తప్పుల మీదే ఖర్చయిపోయి, సొంత తప్పులకి మిగల్లేదని నా అనుమానం. ఆ మధ్య ముమ్మిడివరంలో ఒక పెళ్ళికి ఒకరోజు ముందే వెళ్ళి, తాళం వేసిన కల్యాణమండపం చూసి తిరిగొచ్చారు. "ఈ కాలం వాళ్ళకి దేనికీ వేళాపాళా లేదు. పెళ్ళి కూడా ఒకరోజు ఆలస్యంగా చేస్తున్నారు" అన్నారు గుమ్మంలో చెప్పులు విప్పుతూ.

కాట్రేనికోనకి దగ్గర్లోనే మా ఊరు. మా దొడ్లో ముప్ఫైఒక్క కొబ్బరిచెట్లున్నాయి. అన్నిటికీ నంబర్లున్నాయి. "పదకొండో నంబరు ఈ ఏడు శ్రద్ధ పెట్టడం లేదు" అని మావయ్యగారంటే, తెలియనివాళ్ళు ఏ ఎనిమిదో తరగతి కుర్రాడి గురించో అనుకుంటారు. కొబ్బరి కానిదేదీ ఆయన లెక్కలో చెట్టు కాదు. అందుకే ముప్ఫైరెండోదానికి నంబరు లేదు. అది అత్తయ్యగారిది.

ఏడేళ్ళ కిందట మా అత్తయ్య భవానీదేవిగారు బెంగుళూరులో చెల్లెలింటికి వెళ్ళి వెన్నపండు తిన్నారు. బజార్లో అవకాడో అనీ బటర్ ఫ్రూట్ అనీ అమ్ముతారే, అది. తిన్నాక గింజని కడిగి, చేతిరుమాల్లో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, వంటింటి వెనక గిన్నెలు తోమే గట్టుకి అవతల పాతారు.

"అక్కడ ఓ కొబ్బరిమొక్క పట్టేది" అన్నారు మావయ్యగారు.

అత్తయ్యగారు మట్టి సర్ది, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ తనకోసం చేసుకున్న పనులు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు, చిటికెనవేలు మిగిలిపోతుంది కూడా.

మొక్క లేచింది, చెట్టయింది, వంటింటి పెంకులు దాటింది. ఏడేళ్ళూ మావయ్యగారు దాన్ని 'ఆ ఆకులచెట్టు' అనే అన్నారు. ఈ ఏడు మాఘమాసంలో అది పూసింది.

పసుపూ ఆకుపచ్చా కలిసిన చిన్నచిన్న పువ్వులు, కొమ్మకొమ్మకీ గుత్తులు. అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పి సంగతి మర్చిపోయి రోజుకి నాలుగుసార్లు దొడ్లోకి నడిచారు.

"హేమా, ఒక్క కాయ నిలిస్తే చాలే. మొదటికాయ వాడపల్లి వెంకన్నకి మొక్కుకున్నాను."

"ఉన్న ఒక్కటీ వెంకన్నకిచ్చేస్తే మరి మీకండీ?"

ఆవిడ ఒక వేలు మడిచి, పక్కన రెండోదీ మడిచారు. "రెండు నిలవాలి" అన్నారు.

దొడ్డివైపు అరుగు మీంచి మావయ్యగారు, "ఆ చప్పిడి గుజ్జు స్వామి ఏం చేసుకుంటాడు? ఓ కొబ్బరికాయ కొట్టు" అన్నారు.

పూత చాలామటుకు రాలిపోయింది. శివరాత్రినాటికి బఠాణీగింజలంత పిందెలు తొమ్మిది మిగిలాయి. ఆ సాయంత్రం అత్తయ్యగారు చెట్టు మొదట్లో నిలబడి, బెరడు మీద చెయ్యివేసి, "నిలుపుకో తల్లీ. ఒక్కదాన్నైనా నిలుపుకో" అని గొణుగుతున్నారు. వంటింటి కిటికీలోంచి విన్నాను. అరుగు చివర పేపరు వెనక ఇంకో మనిషి కూడా విన్నారని అప్పుడు నాకు తట్టలేదు.

ఉగాదికి ఆకుల కొసలు మాడాయి.

ముందు కొసలు, తరవాత అంచులు. ఎవరో ఒక్కొక్క ఆకునీ దీపం మీద పట్టి తీసినట్టు. తొమ్మిది పిందెలు ఆరయ్యాయి. ఆరు నాలుగయ్యాయి. మావయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్షహాల్లో తిరిగినట్టు చెట్టు చుట్టూ ఓసారి తిరిగారు.

"గిన్నెల నీళ్ళు" అని తీర్పు చెప్పారు. "సబ్బు."

"ఆ నీళ్ళు అటు పోవండీ. తూము ఇటుంది."

"నీళ్ళకి తూము తెలియదమ్మాయ్. వంపు తెలుసు."

"నేను బి.యస్సీ. బోటనీ చదివేనండీ."

"బోటనీ చెట్లు పుస్తకంలో ఉంటాయి. అవి ఎండవు."

మా ఆయన నాగదుర్గాప్రసాద్‌గారు ఇలాంటి వాదాల్లో ఎప్పుడూ తటస్థులు. అమలాపురం నుంచి ఏదో మందుసీసా తెచ్చి, మా ఇద్దరి మధ్యా పెట్టి, స్నానానికి వెళ్ళిపోయారు. ఆ మందు కొట్టాం. నేను పదిరోజులపాటు గిన్నెలన్నీ మోసుకెళ్ళి వీధి కుళాయి దగ్గర తోమాను. వచ్చేపోయే వాళ్ళందరికీ మా ఇంట్లో ఏం కూర వండుకున్నామో తెలిసింది గాని, ఆకులు మాత్రం మాడుతూనే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం ఇద్దరం చింతపండులో గింజలు తీస్తూ కూచున్నాం.

"దానికి తెగులూ కాదు, నీ సబ్బూ కాదే హేమా" అన్నారు అత్తయ్యగారు, తల ఎత్తకుండా. "నా చెయ్యి."

"చెయ్యేమిటండీ?"

"పెళ్ళయిన కొత్తలో మా పుట్టింటినించి మల్లె అంటు తెచ్చి నాటేను. వారానికల్లా ఎండిపోయింది. 'నీ చేత్తో పెట్టింది బతకదే, ఇంక దొడ్లో ఏదీ ముట్టుకోకు' అన్నారు మా అత్తగారు. ముట్టుకోలేదు మరి. ఇన్నాళ్ళకి ఆశపడి..." ఒక గింజ తీసి పళ్ళెంలో వేశారు. "మావయ్యగారక్కడే ఉన్నారు అప్పుడు. పేపరు చదూకుంటున్నారు."

నేను పళ్ళెం ఆవిడ దగ్గరికి జరిపాను.

నడిమి వేసవిలో కాలవలు కట్టేశారు. ఏటా ఉండేదే, జూన్‌లో మళ్ళీ వదిలేదాకా కాలవల్లో బురద, గేదెలు. రొయ్యల చెరువులు వచ్చాక మా బోరు నీళ్ళు నోట పెడితే ఉప్పన. తాగడానికి టిన్నులు కొంటాం. ఆ ఉక్కలోనే ఆవకాయ కాలం వస్తుంది. ముక్కలు కొట్టించి, ఆరబెట్టి, ఉప్పు కోసం కొట్టుగదిలోకి వెళ్ళాను. ఆవకాయ కోసమని ముందే తెచ్చి పెట్టుకున్న అయిదు కేజీల కళ్ళుప్పు సంచి గోడకి ఆనుకుని ఉండాలి. ఉంది. కానీ సన్నబడిపోయి ఉంది. ఎత్తితే రెండు కేజీలు కూడా తూగదు.

ఎలకలు పప్పు తింటాయి, బియ్యం తింటాయి. ఉప్పు తినే ఎలక గురించి బోటనీలోనే కాదు, జువాలజీలోనూ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే దొడ్లోంచి సాలమోను పిలిచాడు. కొబ్బరికాయలు దింపడానికి పాతికేళ్ళుగా మా ఇంటికి వచ్చే మనిషి. పైన ఏ గెలలో ఏముందో కిందనుంచే చెబుతాడు. ఆవేళ మాత్రం కొబ్బరిచెట్టు దగ్గర లేడు. వెన్నపండు పాదు దగ్గర గొంతుక్కూచుని, మట్టి గోటితో గీకి, నాలిక్కి రాసుకుని చూస్తున్నాడు.

"అమ్మగారూ, దీనికి ఉప్పెవరేసేరండీ?"

ఇక్కడ ఒకమాట చెప్పాలి. మా వైపు కొబ్బరికి ఉప్పు వేస్తారు. వానల్లో పాదు తవ్వి, చెట్టుకి రెండు కేజీలో మూడో వేసి కప్పెడతారు. పూత నిలుస్తుంది, పిందె రాలదు అంటారు. కొబ్బరికి అది పడుతుంది కూడా. మావయ్యగారు ఏటా ముప్ఫైఒక్క చెట్లకీ దగ్గరుండి వేయిస్తారు. దానికి వేరే బస్తా వస్తుంది, వానలతోనే అయిపోతుంది. శివరాత్రికి ఇంట్లో ఉప్పంటే నా ఆవకాయ ఉప్పొక్కటే.

"పెద్దయ్యగారే అంటారా అండీ?" అన్నాడు సాలమోను గొంతు తగ్గించి.

"నువ్వు చూడలేదు, నేను వినలేదు సాలమోనూ."

"ఆయ్" అని తలాడించాడు, మట్టి దులుపుకుని.

చెప్పేద్దామని గబగబా బయల్దేరాను. పదిరోజుల గిన్నెల బరువు ఇంకా నా నడుంలోనే ఉంది. అరుగు మీద మావయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటూ కనిపించారు. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఏడేళ్ళు వెక్కిరించిన చెట్టుకి ఆ మనిషి దొంగతనంగా ఉప్పు మోశారంటే, అది ఎవరికోసమో అర్థం కావడానికి బి.యస్సీ. అక్కర్లేదు. ఆయన నోటితో ఆయన చెప్పుకుంటే ఆ మాట అత్తయ్యగారికి చేరే తీరు వేరు. నేను చెబితే అది వట్టి చాడీ.

అలాగని ఊరికే వదిలేసేంత మంచిదాన్ని కాను. ఆ మధ్యాహ్నం ఆయన విస్తట్లో ఉప్పు కొంచెం ఎక్కువే వడ్డించాను. పప్పులోకి అన్నాను. మజ్జిగలోకి అన్నాను. మూడోసారి ఉప్పుగిన్నె పట్టుకొస్తే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏమిటమ్మాయ్ ఇవాళ?"

"ఏంలేదండీ. ఆవకాయకి చూస్తే ఉప్పు తగ్గింది. మీకూ తగ్గిందేమోనని."

ఆయన మజ్జిగన్నం వైపు చూసి, "ఈ రోజుల్లో ఉప్పుకి నిలవ లేదు. కరిగిపోతోంది" అన్నారు.

సాయంత్రం ఫోన్లో చదవాల్సినవన్నీ చదివాను. ఈ చెట్టుకి ఉప్పు గిట్టదు. పై మట్టి తీసేసి, మంచినీళ్ళు ధారాళంగా పోస్తూ ఉప్పుని వేళ్ళ కిందకి దింపెయ్యాలి. మర్నాడు మావయ్యగారు పేపరు చదివే వేళకి అరుగుమీదే మా ఆయన పక్కన చేరాను.

"ఏవండీ, నాతో చదువుకున్న దుర్గాశ్రీ లేదూ? వాళ్ళ పక్కింటి వెన్నపండు చెట్టూ ఇలాగే మాడిందట. ఎవరో తెలివైనవాళ్ళు దానికి ఉప్పేసేరట."

పేపరు కదలడం మానేసింది.

"ఉప్పా?" అన్నారు మా ఆయన.

"పెద్దవాళ్ళేనట పాపం. మంచికే వేసేరట."

"తరవాతేం చేసేరట?" ఇది పేపరు వెనకనించి.

"పాదులో నాలుగు వేళ్ళ మందం మట్టి తీసేసి, రోజూ పాతిక చేదల మంచినీళ్ళు, నెల్లాళ్ళు పోసేరటండీ. బతికిందట."

దుర్గాశ్రీకి పక్కిల్లే లేదు. వాళ్ళిల్లు పొలాల మధ్య ఒంటరిగా ఉంటుంది. ఆ సంగతి మా ఆయనకి తెలుసు. ఆయన నావైపు ఓసారి చూసి, తటస్థంగా స్నానానికి వెళ్ళిపోయారు.

మర్నాడు తెల్లారుతూండగా దొడ్లో కిర్రుకిర్రుమని చప్పుడు. మాకో పాత నుయ్యి ఉంది. బోరు వేశాక దానిమీద రేకు మూసి, ఆ రేకుమీద నేను వడియాలు ఎండబెట్టుకుంటున్నాను. మా ఇసక నేలల్లో లోతుకి వెళితే ఉప్పు, పైపైన తీపి. అందుకని నూతికి మోటారు పెట్టకూడదు. చేదతో నెమ్మదిగా తోడుకోవాలి. వెళ్ళి చూద్దును కదా, నా వడియాల చాప జాగ్రత్తగా పక్కకి జరిగి ఉంది. మావయ్యగారు పంచె ఎగ్గట్టి, గిలక మీద తాడు లాగుతున్నారు. వెన్నపండు పాదులో పై మట్టి అప్పటికే తీసేసి ఉంది.

నన్ను చూసి తాడు పట్టుకునే ఆగిపోయారు. "నూతిలో పూడిక ఎంతుందో చూస్తున్నాను" అన్నారు.

"ఆయ్" అని చేద అందుకుని, ఆ పూడిక తీసుకెళ్ళి చెట్టు మొదట్లో పోశాను. రెండోది తోడారు. అదీ పోశాను. పదిహేనో చేదకి ఆయన కుడిభుజం వణికింది. నేను తాడు అందుకోబోతే ఇవ్వలేదు.

ఆ మర్నాడూ అంతే. మూడోరోజు అత్తయ్యగారు కాఫీగ్లాసుతో వచ్చి, వెనకగుమ్మంలో చాలాసేపు నిలబడిపోయారు. ఆయనకి చక్కెర వ్యాధి వచ్చినప్పటినుంచీ, ఆరేళ్ళుగా, చప్పని కాఫీయే. ఆ పొద్దున ఆవిడ లోపలికి వెళ్ళి, గ్లాసులో అరచెంచా చక్కెర వేసి కలిపి తెచ్చారు.

"నా చెట్టుకి మీరు నీళ్ళు పోస్తున్నారు" అన్నారు, గ్లాసు అందిస్తూ. అంతే అన్నారు.

మావయ్యగారు ఒక గుక్క తాగి గ్లాసులోకి చూశారు. నావైపు చూశారు. నేను ఖాళీ చేదవైపు చూశాను. అంత తియ్యటి కాఫీని అంత కష్టపడి తాగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. అప్పట్నించి రోజూ ఆ అరచెంచా పడుతూనే ఉంది. ఆయన రోజూ తాగుతూనే ఉన్నారు. రోజూ ఇవాళ చెబుతారేమోనని నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చెయ్యకుండా సర్దుతూనే ఉన్నాను.

చెప్పలేదు. జూన్ వచ్చింది, కాలవలు వదిలారు. ఆ మర్నాడే ఆఖరి కాయ రాలిపోయింది. నిమ్మకాయంత అయింది అప్పటికి. అత్తయ్యగారు దాన్ని కొంగుతో తుడిచి, దేవుడి గూట్లో వెంకన్న పటం ముందు పెట్టారు. మొక్కు తీరింది. ఆవిడ మొహం చూస్తే అలా లేదు.

దింపు రోజున సాలమోను రాగానే అత్తయ్యగారే ఎదురెళ్ళారు.

"దింపయ్యేక ఆ చెట్టు కొట్టెయ్ సాలమోనూ. అయ్యగారికి కొబ్బరిమొక్క పెట్టుకోడానికి చోటవుతుంది."

వంటింటి కిటికీలో ఉన్న నావైపు సాలమోను చూశాడు. "ఒక్క ఏడు చూడండమ్మగారూ. చెట్టు మంచిదండీ."

"చెట్టు మంచిదే. పెట్టిన చెయ్యి అలాంటిది."

"ముందు దింపు అవనివ్వండి" అని, నడుముకి కట్టుకునే తాడు ఎప్పుడూ లేనంత నిదానంగా కట్టుకుని, పదకొండో నంబరు ఎక్కాడు.

నిజానికి వెన్నపండు చెట్టు తూర్పు కొమ్మకి రాగిరంగు చిగురు వేసింది. పొద్దున్నే చూశాను. చెప్పలేదు. చెబితే చెట్టు బతికేది. మావయ్యగారి నోరు మాత్రం ఇంకో డెబ్భైమూడేళ్ళు మూసుకునే ఉండేది. అత్తయ్యగారి చెయ్యి అలాగే ఉండిపోయేది.

అరుగు మీద పేపరు మడిచిన చప్పుడయింది. మళ్ళీ విప్పిన చప్పుడు. మళ్ళీ మడిచారు. ఈసారి దాన్ని అరుగు మీదే వదిలేసి, మెట్లు దిగి, దొడ్లోకి వచ్చారు.

"భవానీ."

నేను కాపరానికి వచ్చి పదహారేళ్ళయింది. 'ఇదిగో' అనడమే విన్నాను. ఆవిడ పేరు ఆయన నోట వినడం అదే మొదలు.

"నీ చెయ్యి మంచిదే" అన్నారు.

"ఏమిటండీ?"

"నీ చెయ్యి. మల్లె అంటు నడివేసవిలో నాటేవు. ఎవరు నాటినా బతకదు. ఆ మాట మా అమ్మతో అనాల్సింది. అన్లేదు." చెట్టు బెరడు వైపు చూస్తూ చెబుతున్నారు, నల్లబల్ల మీద రాసి ఉన్నట్టు. "ఇదీ అంతే. దీనికి ఉప్పు నేనేసేను. మూడు కేజీలు."

"ఉప్పా!"

"పిందె నిలుస్తుందని. కొబ్బరికి నిలుస్తుంది." ఆగారు. ఆ తరవాతి మాట ఆయనకి అన్నిటికన్నా కష్టమైంది. "ఇది కొబ్బరి కాదు."

అత్తయ్యగారు గిన్నెల గట్టుమీద నెమ్మదిగా కూచున్నారు. "ఎప్పుడేసేరు?"

"శివరాత్రి మర్నాడు. నువ్వు గుడికి వెళ్ళినప్పుడు."

"మరి నీళ్ళు తోడింది?"

"అందుకే."

"చక్కెర వేసి ఇస్తే తాగేరు."

"తాగేను. ముప్ఫైనాలుగు రోజులు." లెక్కల మాస్టారు. "తప్పయింది."

ఆఖరిమాట ఎంత మెల్లిగా అన్నారంటే, పక్కనే ఉన్న ఆకుకి కూడా అందినట్టు లేదు. అత్తయ్యగారు తన అరచేతులు రెండూ ఒళ్ళో తిప్పి చూసుకున్నారు. తరవాత వంటింటి కిటికీవైపు తిరిగారు. ఆవిడ కళ్ళు తడిగానే ఉన్నాయి గాని, పెదవుల కొసన ఇంకోటేదో ఉంది. నా దగ్గర నేర్చుకున్నారో, నేనే ఆవిడ దగ్గర నేర్చుకున్నానో ఇప్పుడు చెప్పడం కష్టం.

"హేమా, మావయ్యగారన్నది విన్నావా?"

"లేదత్తయ్యగారూ. మిక్సీ తిరుగుతోందండీ."

కరెంటు పొద్దున్నే పోయింది.

"ఏవండీ, అమ్మాయికి వినపళ్ళేదట."

మావయ్యగారు నావైపు చూశారు. తిరగని మిక్సీవైపు చూశారు. గొంతు సవరించుకుని, వెనకబెంచీ దాకా వినిపించాల్సిన వాళ్ళలా తల పైకెత్తారు.

"తప్పు నాదే! నేనే చేసేను!"

పదకొండో నంబరు మీద, కొబ్బరాకుల మధ్యనుంచి సాలమోను పలికాడు.

"ఆయ్!"